నోరు తెరిచి వినవలసిన నవల

గత జూన్ తొమ్మిదో తేదీ నాటికి మా మామయ్య ఒకే నవలను సుమారు నలభై రెండు వేలసార్లు చెప్పి ఉంటారు. ఆయన పళ్ళ డాక్టరు. ఇరవై ఎనిమిదేళ్ళ ప్రాక్టీసును, ఏడాదికి మూడు వందల పనిదినాలను, రోజుకు అయిదుగురు రోగులను గుణించి నేనీ సంఖ్యను రాబట్టాను. జలుబు చేసి గొంతు పోయిన రోజులను మినహాయించలేదు. ఆ రోజుల్లో ఆయన అభినయించి చెబుతారని అత్తయ్య ధ్రువీకరించింది.

మామయ్యలో విడ్డూరం ఇదొక్కటే. కుర్చీలో వెనక్కి వాలిన మనిషి నోరు తెరిచిన మరుక్షణం ఆయన ఆ నవల మొదలుపెడతారు. నోరు మూతపడేదాకా ఆపరు. సాహిత్య సభల్లో వక్తలు శ్రోతల కోసం వెతుక్కుంటారు, కాఫీ ఆశ చూపుతారు, తలుపు దగ్గర మనుషుల్ని నిలబెడతారు. మామయ్యకు ఆ అగత్యం లేదు. ఆయన శ్రోత నోట్లో ఒక దూది ఉండ, ఒక గొట్టం, ఒక చిన్న అద్దం ఉంటాయి. అభ్యంతరం చెప్పాలన్నా గొంతులోంచి 'ఊఁ' తప్ప మరొకటి రాదు. ఆ 'ఊఁ'ను మామయ్య 'తర్వాతేమైంది?' అనే అర్థంలో స్వీకరిస్తారు.

"కొంచెం వెడల్పుగా... ఆఁ, అంతే. రేవులో అప్పుడే తెల్లవారుతోందండీ. మంచు. మొదటి పడవ ఇంకా కదల్లేదు. సూది చిన్నదే, చీమ కుట్టినట్టుంటుంది. గుమాస్తా గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. వానేమీ లేదు. మరి గొడుగెందుకు? అదే చెబుతున్నా, కదలకండి."

గొడుగెందుకో తెలుసుకోవడానికి ఒక ప్లంబరు లేని నొప్పిని తెచ్చుకొని రెండోసారి వచ్చాడు. అతని నోరంతా వెతికినా పుచ్చు దొరకకపోవడంతో మామయ్య పళ్ళు శుభ్రం చేసి, గొడుగు విషయం చెప్పి పంపించారు. ఒక వకీలు మాత్రం నవలలోని వకీలు పాత్రను కించపరుస్తున్నారంటూ కుర్చీలోంచి లేవబోయాడు. "మీ అభ్యంతరం నమోదైంది, ఉమ్మెయ్యండి," అన్నారు మామయ్య.

ఇక నా సంగతి. నేను సామాజిక పరిశోధనలో శిక్షణ పొందినదాన్ని. అంటే, అందరికీ తెలిసిన విషయాన్ని ఎవరికీ అర్థం కాని పట్టికగా మార్చగలను. నా పరిశోధనాంశం కూడా ఆ నవలే: అందులోని పాత్రలు ప్రేమను ఎవరెలా అర్థం చేసుకున్నారు, ఎలా వ్యక్తపరిచారు, ఈనాటి మనుషులకు వారిలో ఎవరి ప్రేమ ప్రేమలా కనబడుతోంది. ఈ అంశాన్ని నేనే ఎన్నుకున్నానని మా గైడుకు చెప్పాను. నిజానికి చిన్నప్పుడు నా పాలపళ్ళన్నీ మామయ్యే తీశారు. అప్పటికే ఆ నవల నా దవడల్లోకి ఎక్కిపోయింది.

తాతల కాలం నాటి ఆ నవలను చదవనివారు కూడా చదివామనే చెబుతారు కనుక కథను క్లుప్తంగా ఇక్కడ ఉంచుతున్నాను. ఒక రేవు ఊరు. ఒక అమ్మాయి. తనను ప్రేమించేవాళ్ళు ఆ మాట నోటితో చెప్పాలని ఆమె కోరిక. చుట్టూ ఉన్నవాళ్ళకేమో ఆ పని తప్ప అన్నీ చేతనవును. అక్క తిడుతుంది, చెల్లెలి జుట్టు, నడక, చదువు, దగ్గు, అన్నీ తిట్టుకు అర్హమైనవే. తండ్రి కూతురితో మాట మానేశాడు. కాని రోజూ నీటి మట్టం చూసివస్తానని చెప్పి ఆమె నడిచే దారినే నడుస్తాడు. రేవు గుమాస్తా పెద్ద అధికారి వచ్చినా పడవను ఒక్క క్షణం ఆపని నియమపాలకుడు. ఆమె వచ్చే వేళకు మాత్రం గొడుగు పట్టుకుని నిలబడతాడు. వకీలు ఒక్కడే ప్రేమిస్తున్నానని చెబుతాడు. పదకొండు పేజీలు చెబుతాడు. ఆమె వకీలును పెళ్ళాడుతుంది. వెళ్ళిపోయే రోజున తండ్రి బస్తాల వెనక నిలబడి చూస్తాడు. గుమాస్తా పడవను కాసేపు ఆపుతాడు. ఎందుకాపాడో ఆమె అడగదు, అతడు చెప్పడు. ఈల వేస్తాడు. పడవ కదులుతుంది. నవల అయిపోతుంది.

ప్రేమను నేను అయిదు వర్గాలుగా విభజించాను: మాట, సేవ, త్యాగం, కానుక, ఇతరములు. మొదటి నెల గడిచేసరికి మానవజాతి ప్రేమలో ముప్పాతిక భాగం ఇతరములలో చేరిపోయింది.

అభిప్రాయ సేకరణకు మామయ్య క్లినిక్కును మించిన చోటు కనబడలేదు. ఊళ్ళో అన్ని వృత్తులవాళ్ళకూ పళ్ళుంటాయి. ముందుగది, అందులో గోడ వెంట బెంచీలు, మూలన బల్ల వెనక టోకెన్లు ఇస్తూ అత్తయ్య. లోపలికి వెళ్ళేముందు ఎవరూ నాతో మాట్లాడే స్థితిలో ఉండరు కనుక, బయటికి వచ్చాక పట్టుకొనేదాన్ని. "గుమాస్తాది నిజమైన ప్రేమేనంటారా?" అని అడిగితే అందరూ "ఊఁ" అనేవారు. "తిట్టడం కూడా ప్రేమేనా?" "ఊఁ." ఇంతటి ఏకాభిప్రాయం సామాజిక శాస్త్రంలో అరుదని నేను ఉప్పొంగిపోయాను.

మూడో రోజున అత్తయ్య నన్ను పిలిచి, "వాళ్ళకి మూతి మొద్దుబారిపోయి ఉంటుందే పిచ్చిదానా. 'నువ్వు దొంగవా?' అని అడిగినా ఊఁ అనే అంటారు," అంది.

మత్తు దిగేదాకా ఆగడం మొదలుపెట్టాను. అక్కడే చిక్కు వచ్చింది. ఒకనాటి ఉదయం బెంచీ మీద ముగ్గురున్నారు: ట్యూషన్లు చెప్పే టీచరమ్మ, సైకిల్ షాపతను, పూలకొట్టు ఆమె. ముగ్గురూ రెండోసారి చూపించుకోవడానికి వచ్చినవాళ్ళే. నా ప్రశ్నకు టీచరమ్మ కళ్ళు తుడుచుకుంది.

"చివర్లో అక్క కూడా పడవెక్కి చెల్లెలి పక్కన కూర్చుంటుంది చూడండి, అక్కడ నాకు ఏడుపాగలేదు."

"అక్క ఎక్కడమేంటండీ?" సైకిల్ షాపతను ఆశ్చర్యపోయాడు. "పడవే కదల్లేదుగా! గుమాస్తా అందరి ముందూ 'వెళ్ళొద్దు' అని గట్టిగా చెప్పేశాడు. చెప్పేసరికి చెమటలు పట్టేశాయంట పాపం."

"ఎవరికి చెప్పాడూ?" పూలకొట్టు ఆమె చెంప పట్టుకునే కలగజేసుకుంది. "ఆ పిల్ల ఇద్దర్నీ కాదనేసి రేవు కాంట్రాక్టు తనే తీసుకుంటేనూ! పెళ్ళీ లేదు, గిళ్ళీ లేదు. దర్జాగా బతికింది."

"మీకెవరు చెప్పారండీ?"

"ఇంకెవరు? డాక్టరుగారు!"

"నాకూ డాక్టరుగారే!"

"నాకు నోట్లో పన్ను తొలిచే మర పెట్టి మరీ చెప్పారు. అంత ప్రమాదంలో ఎవరైనా అబద్ధం చెబుతారా?"

ముగ్గురూ నావైపు తిరిగారు. "చదువుకున్న పిల్లవి, నువ్వు చెప్పమ్మా. అసలేమైంది?"

నేను కాయితాలు మడిచి లేచాను. నవలను అన్ని వేలసార్లు చెప్పిన మనిషి ముగ్గురికి మూడు రకాలుగా ముగించారు; మూడూ తప్పే. మనసులో ఒక పరికల్పన రూపుకట్టింది: మామయ్యకు మరుపు వస్తోంది.

పరికల్పన ఒకటి ఏర్పడితే సాక్ష్యాలు వాటంతటవే వచ్చి వరుస కడతాయి. ఆయన కళ్ళజోడు తలమీద పెట్టుకొని ఇల్లంతా వెతికారు. నన్ను మా అమ్మ పేరుతో పిలిచారు. జేబులోంచి కలమనుకొని నోరు చూసే అద్దం తీసి, మందులచీటీ మీద సంతకం చేయబోయారు. ఈ మూడూ నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన చేస్తున్నవే. అయినా శిక్షణ పొందిన మనస్సుకు అవి కొత్తగానూ, భయంకరంగానూ కనబడ్డాయి. విషయాన్ని సంబంధిత వ్యక్తికి, అంటే అత్తయ్యకు, పద్ధతి ప్రకారం నివేదించాను.

"అత్తయ్యా, ఇది ప్రాథమిక పరిశీలన మాత్రమే. దీన్ని అంతిమ నిర్ధారణగా భావించకూడదు."

"భావించన్లే. చెప్పు."

చెప్పాను. అత్తయ్య టోకెన్లు పక్కన పెట్టేసింది. ఒక్కటే ప్రశ్న అడిగింది.

"ఒకరోజు ఒక పన్నుకి బదులు ఇంకో పన్ను పీకేస్తే?"

అది నా ప్రశ్నావళిలో లేని ప్రశ్న.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర అత్తయ్య గొంతు సవరించుకుంది. "ఏవండీ, మీ క్లాసుమేటు ఆ మెదడు డాక్టరుగారికి ఒకసారి చూపించుకుందాం. వచ్చే సోమవారానికి అడిగాను. ఆయన సరేననేదాకా క్లినిక్కు మూసేద్దాం."

"నా మెదడుకేమైంది?" అన్నారు మామయ్య. ఆపైన నావైపు చూసి, "ఓహో, ఇది మా సర్వేశ్వరి పనా?" అన్నారు. సర్వేలు మొదలుపెట్టిన నాటినుంచి ఆయన నాకు పెట్టిన పేరది.

నేను ఎంతో సున్నితంగా, పరీక్ష అని తెలియకుండా అడిగాను. "మామయ్యా, ఆ నవల్లో చివరికి ఏమవుతుంది?"

ఆయన చేతిలోని ముద్ద కంచంలోకి దిగింది. నన్ను చూశారు, అత్తయ్యను చూశారు. "ఏమోనే," అన్నారు. "ఒక్కోసారి ఒక్కోలా గుర్తొస్తోంది."

అత్తయ్య లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నా పరికల్పన రుజువైంది. పరిశోధకురాలికి అంతకు మించిన విజయం ఉండదంటారు. నేను మాత్రం కంచం పక్కకు జరిపాను. ఆ కుర్చీ, ఆ మర, ఆ అద్దం లేకుండా మామయ్య పొద్దున్నే లేచి ఏం చేస్తారో ఊహించబోయి విఫలమయ్యాను. నోళ్ళు లేని చోట ఆయన కథ ఎవరికి చెబుతారు?

"రేపు తాళాలాయనకి దవడ పన్ను తీయాలి," అన్నారు మామయ్య మెల్లగా. "నొప్పితో ఉన్నాడు. అదొక్కటీ తీసేసి ఆపేస్తాను."

అత్తయ్య ఒక షరతు మీద ఒప్పుకుంది. ఏ పన్ను తీయాలో ముందుగా రాసిపెట్టుకొని, మామయ్య పటకారు ఆ పన్ను మీదే పడుతుందో లేదో చూడడానికి నేను గదిలో ఉండాలి. దంతవైద్య చరిత్రలో ఇలాంటి పర్యవేక్షక పదవిని అలంకరించిన మొదటి సామాజిక పరిశోధకురాలిని బహుశా నేనే.

తాళాలాయన వీధి మొదట్లో చిన్న గదిలో తాళాలు బాగుచేసే మనిషి. మాట తక్కువ. మందపాటి చేతులు. కుర్చీలో వాలి నోరు తెరిస్తే నాలాంటి అజ్ఞానికి కూడా కనబడింది: పళ్ళన్నీ గోడకు రాసి అరగదీసినట్టు చదునుగా ఉన్నాయి. దవడ పన్నొకటి నిలువునా చీలిపోయింది.

"బాగా కొరుకుతున్నారు," అన్నారు మామయ్య. "నిద్దట్లోనా, మెలకువలోనా?"

"ఊఁ."

"రెండూనా! సరే. రేవులో అప్పుడే తెల్లవారుతోందండీ..."

సూది వేశారు. కథ నడిచింది. పొల్లుపోకుండా నడిచింది. ఈసారి గొడుగును మామయ్య తొందరగా ముగించి, తండ్రి మీదకు వచ్చారు. కూతురు తనకు నచ్చినవాణ్ణి ఎంచుకున్నదని తండ్రికి కోపం. నీటి మట్టం చూసే నెపంతో రోజూ రేవుకు వెళతాడు; నీళ్ళవైపు మాత్రం చూడడు. పెళ్ళి అయిపోయింది. పడవ సిద్ధంగా ఉంది. తండ్రి బస్తాల వెనక నిలబడ్డాడు. ఇంతవరకూ నవలలో ఉన్నదే. నేను లోలోపల ఊపిరి పీల్చుకున్నాను.

"అప్పుడా తండ్రి," అన్నారు మామయ్య పటకారు అందుకుంటూ, "బస్తాల వెనకనుంచి బయటికొచ్చాడు."

"మామయ్యా!" నోరు జారాను. "రాడు కదా! అక్కడే ఉండిపోతాడు. పడవ వెళ్ళాక ఒక్కడే ఇంటికెళ్ళిపోతాడు. చివరి అధ్యాయంలో..."

మామయ్య తల తిప్పి నావైపు చూశారు. నా పాలపళ్ళు తీసిన కాలంలో కూడా ఆయన నన్నలా చూడలేదు.

"నీ పుస్తకంలో ఆ పేజీ చిరిగిపోయుంటుంది," అన్నారు. "నువ్వు పన్ను చూడు, చాలు."

నేను పన్ను చూశాను. సరైన పన్నే.

"బయటికొచ్చాడండీ. వచ్చాడు గానీ ఏం మాట్లాడాలో తెలీదు. ఇన్నాళ్ళు మాట్లాడని మనిషి ఎక్కడ మొదలుపెడతాడు చెప్పండి? కూతురు కూడా ఏడవలేదు, కాళ్ళమీద పడలేదు. చేతిలో సంచి ఉంటే చాపి, 'ఇది పట్టుకో నాన్నా, బరువుగా ఉంది' అంది. అంతే. ఆయన పట్టుకున్నాడు. అయిపోయింది. ఇదిగోండి, మీ పన్ను."

పన్ను ఎప్పుడు వచ్చిందో తాళాలాయనకు తెలియలేదు. నాకూ తెలియలేదు, పర్యవేక్షకురాలి పదవికి ఇంతకు మించిన అవమానం లేదు. తాళాలాయన కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి.

"నొప్పిగా ఉందా? ఇంకొంచెం మందివ్వనా?"

ఆయన తల అడ్డంగా ఊపి, దూది కరుచుకున్న నోటితోనే కష్టపడి అడిగాడు. "ఆ సంచిలో... ఏముందండీ?"

మామయ్య ఒక్క క్షణం ఆలోచించారు. "ఏముంటాయి, బట్టలు. ఒక పాత పెట్టె తాళం. బిగుసుకుపోయి తెరుచుకోవడంలేదంట. కొత్త కాపురం కదా, ఎవరికివ్వాలో తెలీక పెట్టుకుని కూర్చుంది."

తాళాలాయన లేచి, మా ఇద్దరికీ దణ్ణం పెట్టి, అత్తయ్య ఇచ్చిన మందుల పొట్లాన్ని మరిచిపోయి వెళ్ళిపోయాడు. ఆయన కూతురు తనకు నచ్చినవాణ్ణి చేసుకొని రెండు వీధుల అవతలే కాపురం ఉంటోందనీ, తండ్రి ఆ వీధిలోకి అడుగు పెట్టలేదనీ నాకు అప్పటికి తెలియదు. వయసు, వృత్తి, చదువు, ఆదాయం తెలుసు.

తలుపు వేసి మామయ్య ఎదుట నిలబడ్డాను. "ఆఖరి పేజీ చెప్పండి."

ఆయన చేతులు కడుక్కుంటూ ఆఖరి పేజీ మొత్తం అప్పజెప్పారు. బస్తాలు, ఈల, నీటిమీద మిగిలిన నురుగు, కామాలతో సహా.

"మరి నిన్న గుర్తులేదన్నారే!"

"గుర్తుందంటే ఏమడిగేదానివి?"

"ఎందుకు మారుస్తున్నారని."

"చెబితే ఏంచేసేదానివి?"

"రాసుకునేదాన్ని."

"అదీ!" మామయ్య తడిచేతిని గాల్లో ఊపారు. "నువ్వు రాస్తే అచ్చవుతుంది. టీచరమ్మ చదువుతుంది. 'మా చెల్లెలితో నాకు పడటంలేదని తెలిసే ఈయన అక్కని పడవెక్కించాడన్నమాట' అనుకుంటుంది. అప్పుడింక అది కథ కాదే, నీతిబోధ. నీతిబోధకి ఎవరైనా నోరు తెరుస్తారా?"

"వాళ్ళ సంగతులు మీకెలా తెలుసు?"

"మీ అత్తయ్యుందిగా. టోకెన్ చేతికిచ్చేలోపు ఏడు తరాలు లాగుతుంది. మధ్యాహ్నం అన్నం పెడుతూ నాకు చెబుతుంది. సైకిల్ షాపతను టైపు ఇన్‌స్టిట్యూట్ అమ్మాయి సైకిలుకి గాలి కొడుతూ ఏడాదైందట, నోరు విప్పలేదు. పూలకొట్టావిడకి అన్నలు సంబంధాలు చూసి చంపుతున్నారు. ఆవిడకేమో కొట్టే ఇష్టం."

ఆ ముగ్గురినీ నేను తలా ఇరవై ప్రశ్నలు అడిగి ఉన్నాను.

"అయినా అంత గొప్ప నవలని అలా మార్చేయొచ్చా మామయ్యా?"

"రాసిన మహానుభావుడు సరిగ్గానే రాశాడే. అలాగే ఉండాలి. కానీ ఆయన ఎవరి నోట్లోనూ చెయ్యి పెట్టి రాయలేదుగా."

"అందుకని మతిమరుపని ఒప్పేసుకుంటారా? క్లినిక్కు మూసేసుకుంటారా?"

మామయ్య తువ్వాలును మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టారు. "పళ్ళు పీకేవాడు వీధికొకడున్నాడు లేవే," అన్నారు. ఆ మాట అన్నంత తేలిగ్గా ఆయన ముఖం లేదు.

నేను ముందుగదిలోకి వచ్చాను. అత్తయ్య బల్ల మీద మోచేతులు ఆనించి, తీర్పు కోసం ఎదురుచూస్తోంది. నిజం చెబితే క్లినిక్కు నిలుస్తుంది. కాని అత్తయ్యకు తెలిసిన నిజం సాయంత్రానికి టోకెన్లతోపాటు ఊరంతా చేరుతుంది. చెప్పకపోతే క్లినిక్కు పోతుంది. నా శిక్షణలో ఇలాంటి సందర్భానికి ఒక అధ్యాయం ఉంది. దాని సారాంశం: సమాచారాన్ని ఏ కారణం చేతనూ తారుమారు చేయరాదు.

"మామయ్యకేమీ లేదత్తయ్యా," అన్నాను. "పరీక్షించాను. అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పారు. నిన్న మనమీద అలిగి గుర్తులేదన్నారు."

"మరి ఆ ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారన్నావు?"

"నాదే తప్పు. మత్తు సూది వేసినప్పుడు విన్నారు కదా. తలకెక్కక, ఎవరికి తోచింది వాళ్ళు అతికించుకున్నారు. అలాంటివాళ్ళని అడగడమే నా పద్ధతిలో లోపం. ఆ అధ్యాయం మొత్తం కొట్టేస్తున్నాను."

అత్తయ్య ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగును ఆమె తక్షణమే తిట్టుగా మార్చింది. "నీ సర్వేలు తగలెయ్య! రాత్రంతా కంటిమీద కునుకు లేదు నాకు. బంగారంలాంటి మనిషిని పట్టుకుని మెదడు డాక్టరు దాకా తీసుకెళ్ళబోయావు కదే! ఇంకోసారి ఈ గదిలో కాయితం కలం పట్టుకుని కనబడితే నీ పళ్ళు నేనే రాలగొడతాను."

నేను వినయంగా తల వంచాను. అత్తయ్య నీళ్ళు తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, గొంతు తగ్గించింది.

"వాళ్ళంటే మత్తులో విన్నారు గానీ, నాకు అలా కాదు. పెళ్ళికి ముందు నేనూ ఇక్కడికి పంటినొప్పికే వచ్చా. ఈయనకి కొత్త ప్రాక్టీసు. చేతులు వణికి సూది వెయ్యడం మరిచిపోయి, కథ చెబుతూ కూర్చున్నారు. అందుకని నాకు స్పష్టంగా గుర్తు. గుమాస్తా పడవ ఆపి, చెయ్యందించి ఆ పిల్లని దింపుకుంటాడు. తర్వాత పుస్తకం చదవాల్సిన పనే లేకపోయింది నాకు. అవునా, కాదా? నువ్వు చదివావుగా?"

లోపలి గదిలో పటకార్లు కడుగుతున్న చప్పుడు ఠక్కున ఆగింది.

"అవునత్తయ్యా," అన్నాను. "అలాగే దింపుకుంటాడు."

చప్పుడు మళ్ళీ మొదలైంది.

తర్వాతి వారం నాకు పంటినొప్పి వచ్చింది. కొట్టివేసిన అధ్యాయం గురించి మా గైడుకు సంజాయిషీ రాస్తూ నాకు తెలియకుండానే పళ్ళు కొరికినట్టున్నాను. అత్తయ్య నన్ను చూసి, కాయితమూ కలమూ లేవని తనిఖీ చేసుకొని టోకెన్ ఇచ్చింది. బెంచీ మీద తాళాలాయన ఉన్నాడు, పుండు మానిందో లేదో చూపించుకోవడానికి. పక్కన ఒక యువతి. ఆయన లోపలికి వెళ్ళగానే ఆమె నావైపు జరిగింది.

"మా నాన్న మొన్న ఉన్నట్టుండి మా ఇంటికొచ్చాడక్కా. గుమ్మంలో నిలబడి 'బిగుసుకుపోయిన తాళమేదో ఉందంట, ఇటివ్వు' అన్నాడు. మా ఇంట్లో అలాంటి తాళమే లేదు. ఉన్న ఒక్కటీ కొత్తది, వెన్నలా తిరుగుతుంది."

"మరేం చేశావు?"

"ఒక్క నిమిషం నాన్నా అని లోపలికెళ్ళి, దాంట్లో అగ్గిపుల్ల విరిచి కుక్కి తెచ్చిచ్చా. చూడగానే ఆయనకి తెలిసిపోయి ఉంటుంది, జీవితమంతా తాళాలేగా! ఏమీ అనలేదు. 'ఇది చాలా పాడైంది, రెండు మూడుసార్లు రావాలి' అన్నాడు."

నా పేరు పిలిచారు. వెళ్ళి కుర్చీలో వాలాను. అక్షరాలా నాకు కంఠస్థమైన నవల కనుక ఏ మార్పు చేసినా పట్టుకుంటానన్న ధీమాతో నోరు తెరిచాను. దూది ఉండలు, గొట్టం, అద్దం వచ్చి చేరాయి. మామయ్య దీపాన్ని సరిచేశారు.

"రేవులో అప్పుడే తెల్లవారుతోందే. ఆ రేవులో ఒక లెక్కలమ్మాయి ఉండేది. పడవెక్కేవాళ్ళని, దిగేవాళ్ళని ఆపి, 'ప్రేమంటే ఏమిటండీ?' అని అడిగి రాసుకునేది. చీమ కుట్టినట్టుంటుంది, కదలకు. ఒకరోజు, గుమాస్తాకి చూపు తగ్గిందేమో, పడవని బండకి కొట్టిస్తాడేమో అని ఆ అమ్మాయికి భయం పుట్టింది. ఇంకొకళ్ళయితే దిగులుపడి ఊరుకుందురు. ఈ పిల్ల నివేదిక ఇచ్చేసింది! పాపం గుమాస్తా ఉద్యోగమే పోబోయింది. ఊళ్ళోవాళ్ళంతా 'ఎంత పని చేసిందండీ' అనుకున్నారు. గుమాస్తా మాత్రం అనుకోలేదు. అతనికి తెలుసు కదా. కొందరు తిడతారు, కొందరు బస్తాల వెనక నిలబడతారు. ఈ పిల్లకి ఇష్టమైనవాళ్ళ గురించి భయమేస్తే నివేదిక ఇస్తుంది. దాని పద్ధతి దానిది. నొప్పిగా ఉందా?"

ఆ నవలలో అలాంటి అమ్మాయి లేదు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఎక్కడా లేదని ఏ సభలోనైనా నిరూపించగలను. కాని నా నోటి నిండా దూది ఉంది, కళ్ళలో ఎందుకో నీళ్ళున్నాయి, మామయ్య రెండు వేళ్ళు నా దవడ మీద ఉన్నాయి. మారు మాట్లాడకుండా పడుకోవడానికి ఇంతకన్నా మంచి కారణాలు ఏ పరిశోధకురాలికీ దొరకవు. నోరు ఇంకొంచెం వెడల్పుగా తెరిచాను.